రెండు సెకన్ల ఫోన్లు

ఆ వసంతంలో వడగళ్ళ బీమా సంఘం ఆఫీసుకి షెరీఫ్ కారు రావడం అది పద్నాలుగోసారి. మొదట్లో జనం కుర్చీలు వెనక్కి నెట్టుకుని కిటికీల దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. తర్వాత్తర్వాత తలెత్తి చూడటం కూడా మానేశారు. డెప్యూటీ స్టోల్ప్ లోపలికొచ్చి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, "ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిందా?" అని అడిగేవాడు. ముందు బల్ల దగ్గరి అమ్మాయి లేదనేది. "మరి 911కి ఫోన్ చేసిందెవరు?" అంటే తెలీదనేది. ఆయన చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని, వాళ్ళ కాఫీ ఒక కప్పు తాగి వెళ్ళిపోయేవాడు. ఆ కాఫీ నోట్లో పెట్టుకునేట్టు ఉండదు. అయినా తాగేవాడు, మంచి మనిషి.

పద్నాలుగోసారి మాత్రం ఆయన కాఫీ ముట్టలేదు. జిల్లా ఆఫీసు ఇచ్చిన ఉత్తరం ఒకటి మేనేజరు ప్రూయిట్ చేతిలో పెట్టాడు. ఊళ్ళో ఉన్నదే ఇద్దరు డెప్యూటీలనీ, అందులో ఒకడు ఇక్కడికి ఉత్తపుణ్యానికి తిరుగుతుంటే అవతల నిజంగా చావుబతుకుల్లో ఉన్నవాడి గతేమిటనీ, ఇంకోసారి ఇలా జరిగితే ఊరుకోమనీ అందులో రాసి ఉంది.

ప్రూయిట్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, లియోనా కూబిచెక్‌కి కబురు పెట్టాడు.

నెబ్రాస్కాలో ఆ వెస్కాట్ ఊరి చుట్టుపక్కల ఏ ఆఫీసు ఫోన్లకి రోగమొచ్చినా కబురు వెళ్ళేది లియోనాకే. యాభై రెండేళ్ళ మనిషి. ఆ జిల్లాలో స్తంభమెక్కి తీగలు లాగిన మొదటి ఆడది. టెలిఫోన్ కంపెనీవాళ్ళు ఇరవై ఆరేళ్ళు పని చేయించుకుని ఇంటికి పొమ్మంటే, ఇంట్లో కూచోకుండా పాత వ్యాను ఒకటి కొనుక్కుని సొంతంగా మొదలుపెట్టింది. నోరు కొంచెం దురుసు. పనితనం మాత్రం వంక పెట్టడానికి లేదు. ఈ ఆఫీసులో డెబ్బై రెండు ఫోన్లూ, వాటన్నిటినీ కలిపే యంత్రమూ ఆరేళ్ళ కిందట ఆవిడ చేతుల మీదుగా పెట్టినవే.

"నాకు పేరు కావాలి, మిసెస్ కూబిచెక్," అన్నాడు ప్రూయిట్. ఒమాహా పట్నం నుంచి వచ్చి రెండేళ్ళయింది కానీ ఆయన టై ఇంకా నిన్ననే వచ్చినట్టు బిగుసుకుని ఉంటుంది. "శుక్రవారం డైరెక్టర్లు వస్తున్నారు. ఎవరు చేస్తున్నారో ఆ పేరు వాళ్ళ ముందు పెట్టాలి."

"పెట్టి?"

"పెట్టేదేముంది? కావాలని చేసేవాడైతే ఆ రోజే పంపించేస్తాం. చేతకాక చేసేవాళ్ళైతే..." ఆయన భుజాలెగరేశాడు. "చేతకానివాళ్ళకి ఇక్కడేం పని? డైరెక్టర్లు ఎప్పట్నుంచో అంటున్నారు, పాతకాపుల్ని కొంచెం తగ్గించమని."

లియోనాకి ఒళ్ళు మండింది. పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి కిందికి వెళ్ళింది.

జరుగుతున్నదేమిటో ఆవిడకి ముందే తెలుసు. ఇలాంటి ఆఫీసుల్లో ఎక్కడైనా జరిగేదే. ఫోనెత్తి బయటి లైను కావాలంటే తొమ్మిది నొక్కాలి. బయటి ఊరైతే ఒకటి నొక్కాలి. ఆ తర్వాత అసలు నంబరు. తొమ్మిది, ఒకటి, ఆపైన కావలసింది. ఆ ఒకటి మీద వేలు రెండుసార్లు పడిందా, అయిపోయె, తొమ్మిది-ఒకటి-ఒకటి వెళ్ళి షెరీఫ్ ఆఫీసులో మోగుతుంది. నొక్కినవాడికి అవతల "చెప్పండి, ఏం ప్రమాదం?" అన్న గొంతు వినగానే గుండె గుభేలుమంటుంది. పొరపాటయిందండీ అని ఒక్క ముక్క చెబితే గొడవే లేదు. చెప్పరు. నిప్పు తొక్కినట్టు ఫోను పెట్టేస్తారు. మాట్లాడకుండా పెట్టేసిన ఫోనంటే ఎవడో చేతిలోంచి లాక్కున్నాడేమో అని షెరీఫ్ మనుషులు వచ్చి చూసి తీరాలి, అది వాళ్ళ నియమం. వాళ్ళకి కనపడేది ఆఫీసు పెద్ద నంబరు ఒక్కటే. లోపల డెబ్బై రెండింటిలో ఏ ఫోనో వాళ్ళకి తెలిసే దారి లేదు.

తెలిసే దారి కింద నేలమాళిగలో ఉంది.

బాయిలరు పక్కన చిన్న గది. అందులో మనిషి ఎత్తు బూడిద రంగు ఇనుప బీరువా. తలుపు తీస్తే పుస్తకాల్లా నిలబెట్టిన కార్డులు, ఒక్కో కార్డుకి పదహారు ఫోన్లు. గోడ మీద పలకలకి రంగురంగుల తీగలు జడల్లా అల్లి, ఒక్కోదాని కింద లియోనా చేతిరాతతో నంబరు. బీరువా తలుపు లోపలివైపు నల్ల మార్కరుతో ఆవిడే రాసిన రెండు పంక్తులు: "911 – మూడంకెలు పడగానే పంపాలి, ఆగకూడదు. ఎవరూ మార్చొద్దు. ఎల్.కె." మూలన స్టూలు మీద పాత ప్రింటరు. ఏ ఫోను నుంచి ఎక్కడికి, ఎన్నింటికి, ఎంతసేపు మాట్లాడారో అది ఒక్కో పంక్తి కొడుతూ పోతుంది. మడతల కాగితం వెనక అట్టపెట్టెలో గుట్టగా పడుతుంది. దాని మొహం చూసేవాడు లేడు. అలాంటిది ఒకటుందని కూడా ప్రూయిట్‌కి తెలీదు.

లియోనా బోర్లించిన బకెట్టు మీద కూచుని, ఆ గుట్టని ఒళ్ళోకి లాక్కుని, వెనక్కి చదువుకుంటూ పోయింది. గంట పట్టింది. పద్నాలుగు పంక్తులు దొరికాయి. ఒకటి ముందు గదిలో వచ్చేపోయేవాళ్ళు వాడే ఫోను. రెండు 201 నుంచి. 201 ఎవరిదో గుర్తుకురాగానే ఆవిడకి నవ్వాగలేదు. అది సాక్షాత్తూ ప్రూయిట్ గారి గది. అన్నిటికంటే మొట్టమొదటిది, మార్చి మూడో తారీకుది, ఆయనదే.

మిగతా పదకొండూ 236. ఆ నంబరు చూసి లియోనా నవ్వు ఆగిపోయింది.

236 ఆర్డిస్ డోలెజల్.

ఆర్డిస్ ఆ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళుగా ఉంది. వడగళ్ళు పడ్డ మర్నాడు రైతులు ఫోన్ చేస్తే, నష్టం రాసుకుని, మళ్ళీ మళ్ళీ వాళ్ళకి ఫోన్లు చేసి మాట్లాడేది ఆవిడే. పొలం నంబరు చెప్పక్కర్లేదు ఆవిడకి. "వాగు పక్క ఎనభై ఎకరాలేనా, కొత్తగా కొన్నది కూడానా?" అని ఆవిడే అడుగుతుంది. పంట మొత్తం పోయి మాట పెగలని మగవాళ్ళు కూడా ఆవిడ దగ్గర నోరు విప్పుతారు. ఊళ్ళో చాలామంది బీమా కట్టేది సంఘాన్ని చూసి కాదు, ఆర్డిస్‌ని చూసి.

లియోనా ఫోను పరీక్ష చేసే వంకతో పైకి వెళ్ళింది. ఆర్డిస్ ఆవిణ్ణి చూడగానే రెండు చేతులూ బల్ల కిందికి దించి ఒళ్ళో పెట్టుకుంది. అరవై మూడేళ్ళ మనిషి, బడిపిల్లలా కూచుంది.

"ఏమ్మా లియోనా, మీ అమ్మ కాలు ఎలా ఉంది?"

"బానే ఉంది. చర్చి మెట్లెక్కి మరీ ఫాదర్‌ని తిడుతోంది." లియోనా కుర్చీ లాక్కుని దగ్గరగా కూచుంది. గొంతు తగ్గించింది. "ఆర్డిస్ గారూ, చేతులు ఇలా పెట్టండి."

"ఎందుకూ?"

"పెట్టండి."

ఆర్డిస్ కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. వేళ్ళు వాటంతటవే చిన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి.

"క్రిస్మస్ నుంచి," అంది ఆర్డిస్. "ప్రాణానికేం భయం లేదన్నాడు డాక్టరు. ఊరికే వణుకుతాయిట. రాసేటప్పుడు ఎడంచేత్తో పట్టుకుంటాను. ఫోన్ దగ్గరే కుదరట్లేదు. ఎన్నయ్యాయి?"

"పదకొండు."

"అయ్యో దేవుడా. నేను తొమ్మిదే అనుకున్నాను." మొహం తిప్పుకుంది. "ఆ గొంతు వినపడగానే నా బుర్ర పనిచెయ్యదే. నా పేరు అడుగుతారేమో అని భయం. పెట్టేస్తాను. స్టోల్ప్ వచ్చినప్పుడల్లా లేచి చెబుదామనుకుంటాను. కాళ్ళు రావు. వాడికి చిన్నప్పుడు ఆదివారం బడిలో పాఠం చెప్పాను నేను. ఏమని చెప్పను వాడికి?"

"ప్రూయిట్ పేరడుగుతున్నాడు. శుక్రవారానికి."

ఆర్డిస్ కిటికీ వైపు తిరిగింది. "రెండేళ్ళలో ఎలాగూ మానేస్తాను. నా అంతట నేను కోటు వేసుకుని, అందరికీ చెప్పి వెళ్దామనుకున్నాను. గెంటేస్తే కాదు." ఇటు తిరిగింది. "ఆ కాగితం పారెయ్యరాదూ? కిందికి ఎవరొస్తారు గనక."

"పారెయ్యను. ఆ కాగితం అబద్ధం చెప్పదు, నేనూ చెప్పను. అది తప్ప ఇంకేదైనా అడగండి."

"అయితే ఆ మూడంకెల సంగతి తీసెయ్. పాత ఫోన్లకి లేదుగా అది. ముందు తొమ్మిది నొక్కి, మళ్ళీ 911 నొక్కాల్సొచ్చేది. అప్పుడు ఒక్కసారైనా పోలీసు రాలేదు."

ఆ మాట ఎవరో ఒకరు అంటారని లియోనాకి తెలుసు. తీసెయ్యడం రెండు నిమిషాల పని, ఆ రోజుతో అన్నీ సద్దుమణుగుతాయి.

"హార్ట్‌వెల్ దాణా మిల్లు గుర్తుందా మీకు?" అంది. "పద్నాలుగేళ్ళయింది. ఆ ఫోన్లు పెట్టింది నేనే. అప్పటి పద్ధతి ప్రకారం ముందు తొమ్మిది, ఆ తర్వాతే ఏదైనా. ఒకడి చెయ్యి బెల్టులో పడింది. పక్కవాడు పరుగెత్తి 911 నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ. ఆ కంగారులో ముందు తొమ్మిది నొక్కాలని ఎవడికి గుర్తుంటుంది? ఎవడో వచ్చి చెప్పేసరికి... మనిషి పోయాడు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. పద్ధతి ప్రకారమే చేశావు అన్నారు. అప్పట్నుంచి నేను పెట్టిన ఏ యంత్రంలోనైనా మూడంకెలు పడగానే వెళ్ళిపోవాల్సిందే. అది తియ్యను, ఆర్డిస్ గారూ. మీ కోసం కూడా తియ్యను."

ఆర్డిస్ ఆ వణికే చెయ్యి తీసి లియోనా చేతి మీద పెట్టింది. "తియ్యొద్దులే," అంది.

లియోనా ఫోను వంక చూసి, "ఇంకోటి చెయ్యొచ్చు," అంది. "ఈ పక్కన ఖాళీ బొత్తాలున్నాయి చూశారా? ఒకదానికి నేర్పిస్తాను. అది నొక్కితే తొమ్మిదీ ఒకటీ అదే నొక్కుకుంటుంది. మీరు ఆ తర్వాత నంబరు మాత్రం నొక్కుకోవడమే. బొత్తాం మీద వేలు రెండుసార్లు పడినా తప్పు నంబరు పోతుందంతే, పోలీసు రాడు."

ఆర్డిస్ మొహం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే ఆరిపోయింది. "నా ఒక్కదాని ఫోనుకేనా? వద్దమ్మా. అందరూ వచ్చి ఇదేంటి అంటారు. ముసలమ్మ బొత్తాం అంటారు. జాలి పడతారు. వాళ్ళ జాలి నాకెందుకు?"

"పోనీ పోలీసు కావాలా?"

"జాలి కంటే పోలీసు నయం."

ఇంత మొండి మనిషేమిట్రా బాబూ అనుకుంటూ లియోనా విసవిసా బయటికి వచ్చి వ్యానెక్కి కూచుంది. అమ్మ పొద్దున కాగితంలో చుట్టిచ్చిన గసగసాల కొలాచే రొట్టె ఒకటి తీసి కొరికింది. సగం తిన్నాక నమలడం ఆపేసింది. ఒక్కదాని ఫోనుకైతే ముసలమ్మ బొత్తాం. డెబ్బై రెండింటికీ పెడితే?

శుక్రవారం పొద్దున ఆవిడ మడతల కాగితం చంకన పెట్టుకుని ప్రూయిట్ గదిలోకి వెళ్ళి తలుపు వేసింది.

"పేరు తెచ్చారా?" అన్నాడు ఆయన.

"తెచ్చాను. తారీకుల వరసన చదవమంటారా?"

"చదవండి."

"మార్చి మూడు, మధ్యాహ్నం రెండూ పది. ఎక్స్‌టెన్షన్ 201. రెండు సెకన్లు."

ప్రూయిట్ పెన్ను తీసి రాసుకోబోయి ఆగాడు. తన ఫోను వంక చూశాడు. దాని మీద 201 అని లియోనా రాతలోనే చీటీ ఉంది. మెడ దగ్గర మొదలై చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"అది... అది మా అన్నయ్యకి చేస్తున్నాను ఆ రోజు. వేలు జారింది."

"జారుతుంది. డెప్యూటీ వస్తే ఏం చెప్పారు?"

"బయట హాల్లో ఎవరో చేసుంటారన్నాను. అప్పటికి ఇక్కడికొచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. కొత్త మేనేజరుకి ఫోన్ చెయ్యడం రాదంటారని..." పెన్ను కింద పెట్టాడు. "ఒకటేగా?"

"ఏప్రిల్ పంతొమ్మిదిన ఇంకోటి."

ప్రూయిట్ టై వదులు చేసుకున్నాడు. ఆయన్ని ఆ గదిలో టై వదులుగా చూడటం లియోనాకి అదే మొదలు. ఇంకా రెండు మాటలు దెప్పుదామనుకున్న మనిషి, ఎందుకో ఊరుకుంది.

"మిగతావి?" అన్నాడు చిన్నగా.

"మిగతావీ మీలాగే. వేలు జారింది, భయమేసింది, పెట్టేశారు. కావాలని చేసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇప్పుడు చెప్పండి ప్రూయిట్ గారూ, మీకు కావలసింది పేరా, షెరీఫ్ కారు రాకుండా ఉండటమా? పేరే కావాలంటే చదువుతాను, నేను దాచను. కానీ మొదట్నుంచీ చదువుతాను, డైరెక్టర్ల ముందు."

ఆయన కాగితం వంక చూసి, తలుపు వంక చూసి, ఉస్సురని ఊపిరి వదిలాడు. "కారు రాకుండా ఎలా?"

లియోనా బొత్తాం సంగతి చెప్పింది. ఆయన రెండే ప్రశ్నలడిగాడు, రెండూ తెలివైనవే. ఆ మధ్యాహ్నం డైరెక్టర్ల ముందు, "యంత్రంలో చిన్న మార్పు చేయిస్తున్నాం, సోమవారం నుంచి ఇక ఉండదు," అని చెప్పి పేరెత్తకుండా గట్టెక్కాడు.

శనివారం లియోనా నేలమాళిగలో కూచుని కంప్యూటరు తగిలించి ఆ బొత్తాన్ని ఒక ఫోనుకి నేర్పింది. పదిసార్లు నొక్కి చూసుకుంది. మిగతా డెబ్బై ఒక్కదానికీ అదే నకలు వేసింది. భద్రం చెయ్యమని యంత్రానికి చెప్పి, చేసిందో లేదో మళ్ళీ చూసుకుంది. ఒకసారి భద్రం చెయ్యడం మర్చిపోయి, కరెంటు పోయి, మూడు రోజుల పని గంగలో కలిసిన అనుభవం ఉంది ఆవిడకి. యంత్రం వంతు అయిపోయింది. చేతిపని మిగిలింది. ఒక్కో ఫోనులో బొత్తాల పక్క ప్లాస్టిక్ రేకు లేపి, కింద "బయటి ఊరు" అన్న చీటీ దూర్చి, రేకు నొక్కాలి. చీటీలన్నీ వంటింటి బల్ల మీద కత్తిరించింది. అమ్మ సాయం చేస్తానని వచ్చి పన్నెండింటిని వంకరగా కోసింది.

ఆదివారం సాయంత్రం వడగళ్ళు పడ్డాయి. కోడిగుడ్లంతేసి. ప్లాట్ నదికి అటూ ఇటూ ఇరవై మైళ్ళ మేర పైరు నేలకి కరుచుకుపోయింది.

సోమవారం తొమ్మిదికల్లా ఆఫీసు కిటకిటలాడింది. ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. ఫోన్ చేసే ఓపిక లేనివాళ్ళు బురద బూట్లతో వచ్చేసి నిలబడ్డారు. ఆ సందడిలోనే లియోనా బల్లబల్లకీ వంగి చీటీలు దూరుస్తోంది. "ఇదేంటి?" "బొత్తాం." "ఎందుకు?" "మీ వేళ్ళు మీ మాట వినవని." జనం నవ్వారు, నొక్కి చూశారు, బాగుందన్నారు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఇంకా నాలుగు బల్లలు దాటితే ఆర్డిస్ బల్ల.

ఆర్డిస్ ఎదురుగా ఎమిల్ సెడ్లాక్ కూచుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ళ రైతు. టోపీ మోకాలి మీద పెట్టుకుని, మొక్కజొన్న ఎంత పోయిందో చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగాడు. గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. కుర్చీతో సహా పక్కకి ఒరిగి దబ్బున నేల మీద పడ్డాడు.

హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఎవరూ కదల్లేదు.

ఆర్డిస్ ఫోనెత్తింది. ఆ చెయ్యి ఇప్పుడు దాచుకోవడానికి వీల్లేకుండా అందరి కళ్ళ ముందూ వణికిపోతోంది. తొమ్మిది నొక్కింది. ఒకటి నొక్కింది. ఆ తర్వాత ఒకటి మీద వేలు ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు, టకటకమని మూడో నాలుగో పడ్డాయి. పడనీ. మూడో అంకెకే ఫోన్ వెళ్ళిపోయింది. నాలుగు బల్లల అవతల నిలబడ్డ లియోనాకి ఆ సంగతి తెలుసు, తెలిసి కూడా ఊపిరి బిగబట్టింది. పెట్టెయ్యొద్దు తల్లీ, ఈ ఒక్కసారికి పెట్టెయ్యొద్దు అనుకుంది.

"మళ్ళీ మీ ఆఫీసేనా?" అన్న అవతలి గొంతు ఆ నిశ్శబ్దంలో పక్కవాళ్ళకి కూడా వినిపించింది.

"మా ఆఫీసే," అంది ఆర్డిస్. "నా పేరు ఆర్డిస్ డోలెజల్. ఇంతకుముందు పదకొండుసార్లు చేసి పెట్టేసింది నేనే. ఈసారి పెట్టను. ఎమిల్ సెడ్లాక్ పడిపోయాడు, ఊపిరి ఆడుతున్నట్టు లేదు. బండి పంపించి, మేమేం చెయ్యాలో చెప్పండి."

చేతులు వణికాయి. గొంతు వణకలేదు. పంట పోయిన వాళ్ళతో ముప్ఫై నాలుగేళ్ళు మాట్లాడిన గొంతు అది.

లియోనా చీటీలన్నీ కింద పడేసి ఒక్క ఉరుకున వచ్చి ఎమిల్ పక్కన మోకాళ్ళ మీద కూచుంది. అవతలివాళ్ళు చెప్పింది ఆర్డిస్ చెప్పింది, ఆర్డిస్ చెప్పింది లియోనా చేసింది. రెండు చేతులూ ఛాతీ మధ్య. మోచేతులు వంచకు. గట్టిగా నొక్కు, ఇంకా గట్టిగా. "ఒకటి, రెండు, మూడు," అని లెక్కపెడుతోంది ఆర్డిస్, పిల్లలకి పాట నేర్పినంత నింపాదిగా. లియోనా చేతులు పడిపోతుంటే ప్రూయిట్ కోటు విప్పి పడేసి వచ్చి అందుకున్నాడు. ఆయనకీ ఆర్డిసే లెక్కపెట్టింది. బయట కారు ఆగిన చప్పుడయింది. స్టోల్ప్ పరుగెత్తుకుంటూ లోపలికొచ్చాడు, వెనకే అంబులెన్సువాళ్ళు.

ఎమిల్‌ని ఎక్కించుకుని వెళ్ళేముందు వాళ్ళలో ఒకడు "నాడి దొరికింది" అన్నాడు. అప్పుడు పెట్టింది ఆర్డిస్ ఫోను.

పెట్టాక గానీ ఆవిడకి చుట్టూ జనం కనపడలేదు. అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. తను పేరు చెప్పేసిన సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టుంది, చేతులు మెల్లిగా బల్ల కిందికి దించబోయింది.

"పదకొండే ఆవిడవి," అన్నాడు ప్రూయిట్, నేల మీదే కూచుని రొప్పుతూ. చొక్కా అంతా చెమట. "రెండు నావి. మొదటిది నాదే. స్టోల్ప్, నీకు ఆ రోజు అబద్ధం చెప్పాను."

స్టోల్ప్ ఆయన్నీ ఆర్డిస్‌నీ మార్చి మార్చి చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "టీచరమ్మా," అన్నాడు ఆర్డిస్‌తో, "ఇన్నిసార్లొచ్చాను, ఒక్కసారి చెప్పి ఉంటే ఆ కాఫీ అయినా తప్పేది నాకు." హాలంతా గొల్లుమంది. ఆర్డిస్ నవ్వబోయి ఏడ్చేసింది. చేతులు మాత్రం బల్ల మీదే ఉంచుకుంది.

సాయంత్రం నాలుగింటికి ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. ఎమిల్ కళ్ళు తెరిచాడట. తెరిచి, వాగు పక్క మొక్కజొన్న సంగతి ఆర్డిస్ పూర్తిగా రాసుకుందో లేదో కనుక్కోమన్నాడట.

అందరూ వెళ్ళాక, దారిలోని బల్లలకి చీటీలు దూర్చేసి, లియోనా పనిముట్ల కోసం నేలమాళిగలోకి దిగింది. ప్రింటరు ఇంకా కొడుతూనే ఉంది. కాగితం పైకి లాగి పొద్దున్నటి పంక్తి వెతికింది. దాన్ని స్కేలు ఆనించి చించి పైకి తెచ్చింది. ఆర్డిస్ ఇంకా ఎమిల్ కాగితాలు పూర్తి చేస్తూ కూచుంది, కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని. లియోనా ముందు ఆవిడ ఫోను రేకు లేపి, మిగిలిన ఆఖరి చీటీ, అమ్మ వంకరగా కోసినదే, దూర్చి నొక్కింది. తర్వాత ఆ ముక్క ఆవిడ ముందు పెట్టింది.

ఆర్డిస్ కళ్ళజోడు సవరించుకుని చదివింది. 236. 911. పదకొండు నిమిషాల నలభై సెకన్లు.

"అంతసేపా?" అంది. "అంతసేపు పెట్టెయ్యకుండా ఉన్నానా?"

"అంతసేపూ ఉన్నారు," అంది లియోనా.